కిటికీ అద్దం మీద రెండు కాగితాలు

వ్యసన విముక్తి కేంద్రం, రెండో అంతస్తు, ఆరో గది
మార్చి 3

అద్దాలమ్మకి,

ఇలా పిలిస్తే మూతి ముడుస్తావని తెలుసు. కళ్ళజోళ్ళ దుకాణంలో పద్నాలుగేళ్ళుగా అద్దాలు అరగదీస్తున్న మనిషిని ఇంకేమని పిలవను? ఇక్కడ మొదటి మూడు నెలలూ ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఉత్తరాలే గతి. వాటిని ఎవరూ విప్పి చూడరట, అదొక్కటే నయం.

నేను చేరి మూడు వారాలైంది. చేతుల వణుకు తగ్గింది, నా అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది. అన్నం తింటున్నాను, నిద్ర పడుతోంది. ఈ కేంద్రంలో ఒక లిఫ్టుంది. దాని బ్రేకు అరిగిపోయిన సంగతి ఆ చప్పుడు వింటేనే తెలిసిపోతుంది. చూడనివ్వండి అంటే, ముందు మీ సంగతి చూసుకోండి అన్నారు. పంతొమ్మిదేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్న మెకానిక్‌కి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది చెప్పు. నా గదిలో ఇంకొకాయన ఉన్నాడు, రిటైరైన బస్సు కండక్టరు. ఎవరు గదిలోకి వచ్చినా ముందుకు జరగండి అంటాడు.

ఇక అసలు సంగతి. నన్ను చూసే కౌన్సిలర్ మన చిన్న చెల్లెలి వయసు పిల్ల. రెండేళ్ళ కింద నేను వెళ్ళిన చోట ఎంత తాగుతావు, ఎప్పటి నుంచి అని అడిగి వదిలేశారు కదా. ఈమె నాలుగోరోజున, మీరు మందు వేసుకోకుండా మీ ఆవిడ దగ్గరికి ఆఖరుసారి ఎప్పుడు వెళ్ళారు అని అడిగింది. టైమెంతయింది అని అడిగినంత మామూలుగా అడిగింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తాగుడు మానడానికి వచ్చానండీ, మా పడకగది గొడవ మీకెందుకు అన్నాను. ఇక్కడ ఆ రెండూ ఒకే గదిలో, ఒకే మనిషితో మాట్లాడతాం, విడివిడిగా చూస్తే ఏదీ బాగుపడదు అని రెండు పల్చటి కాగితాలు ఇచ్చింది. ఒకదాని మీద తాగుడు సంగతులు తేదీలతో రాయాలి, రెండోదాని మీద ఆ సంగతులు. మొదటిది నింపి ఇచ్చాను. రెండోది తెల్లగానే ఇచ్చాను. రాయడానికేముంది, మనమేం కొత్త దంపతులమా?

ఒక చిన్న పని చేసిపెట్టు. నా పనిముట్ల సంచిలో లిఫ్టు తలుపులు బయటినుంచి తెరిచే మూడుమూలల తాళంచెవి ఉంటుంది. నాతో జతగా పనిచేసే మెకానిక్‌కి ఇవ్వు, వాడి తాళంచెవి విరిగిందట. పరీక్షలయ్యేదాకా నా గురించి బెంగపడొద్దని అమ్మాయికి చెప్పు.

నీ లిఫ్టాయన


ఇల్లు
మార్చి 11

మీకు,

తాళంచెవి ఇచ్చేశాను. పరీక్షలు బాగా రాస్తున్నానంటోంది అమ్మాయి.

ఆ తాళంచెవి కోసం సంచి మొత్తం నేలమీద గుమ్మరించాల్సి వచ్చింది. లోపలి జేబులో ఒక మాత్రల అట్ట దొరికింది. పేరు చదివి, దేనికి వాడతారో మందుల దుకాణంలో అడిగాను. ఆయన నా మొహం చూసి గొంతు తగ్గించి చెప్పాడు. ఆ అట్టలో ఆరు మాత్రలు లేవు. మీరు నా పక్కన పడుకుని ఏడాదిన్నర దాటింది. నడుం నొప్పి అన్నారు, పని అలసట అన్నారు, నమ్మాను. ఆ ఆరూ ఎవరి కోసం వాడారో నేను అడగను. అడిగితే మీరు బుకాయిస్తారు, అది వినే ఓపిక నాకు లేదు.

మొన్న బుధవారం సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళి రక్తమిచ్చి వచ్చాను. మగాడు బయట తిరిగితే ఇంట్లో ఆడదానికి ఏయే జబ్బులు వస్తాయో వాటన్నిటికీ పరీక్షలు. కాగితం మీద రాసింది నర్సు పైకి చదివింది. వరుసలో ఉన్నవాళ్ళంతా నా వంక తిరిగి చూశారు. ఇన్నేళ్ళ కాపురానికి నాకు దక్కింది అది. ఫలితం వచ్చేవారం వస్తుంది.

మే నెలలో మిమ్మల్ని పంపించేటప్పుడు మీరు మీ అన్నయ్యగారింటికి వెళ్ళండి. ఆయనతో మాట్లాడాను, సరేనన్నారు. అమ్మాయికి నేను చెప్పుకుంటాను. ఆ రెండో కాగితం తెల్లగా ఇచ్చానని గొప్పగా రాశారు. నిజమే, నా తరఫున రాయడానికి అందులో ఏమీ లేదు.

ఇంతే.


కేంద్రం, ఆరో గది
మార్చి 19

నీకు,

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడి చదివాను. నీకు సమాధానం రాయడానికి ఐదు రోజులు పట్టింది. మొదటి రెండు రోజులు అబద్ధాలు రాశాను. అవి చింపేశాను.

ఇంకెవరూ లేరు. ఎప్పుడూ లేరు. ఆ మాత్రలు నీ కోసమే కొన్నాను.

నీ ఎదుట నిలబడి ఈ మాట జన్మలో చెప్పలేను కాబట్టి రాస్తున్నాను. పెళ్ళయిన కొత్తలో నాకు నీ దగ్గరికి రావాలంటే భయం. అంత చదువుకున్న పిల్ల నన్ను చూసి నవ్వుతుందేమోనని. ఒక స్నేహితుడు రెండు పెగ్గులు వేసుకో, భయం పోతుంది అన్నాడు. నిజంగానే పోయింది. ఆ మర్నాడూ వేసుకున్నాను. పదహారేళ్ళలో నేను తెలివితో నీ దగ్గరికి రాగలిగిన రోజు ఒక్కటీ లేదు. నేను తాగుతానని నీకు తెలుసు. తాగకుండా నీ దగ్గరికి రాలేనని మాత్రం నీకు తెలియదు, తెలియనివ్వలేదు. తాగుడు మానేసిన ప్రతిసారీ ఒంట్లో ఏదీ నా మాట వినేది కాదు. నిద్ర వస్తోందని అటు తిరిగి పడుకునేవాణ్ణి. నిద్ర వచ్చేది కాదు. పోనుపోను మందు వేసుకున్నా పనిచేయడం మానేసింది. అదే నువ్వు రాసిన ఏడాదిన్నర.

అప్పుడు ఎవర్నీ అడక్కుండా ఆ మాత్రలు కొన్నాను. ధైర్యానికి మందు, పనికి మాత్ర. ఐదుసార్లు వేసుకున్నాను. ఐదుసార్లూ కళ్ళు తిరిగి కుర్చీలోనే పడిపోయాను. నువ్వు దుప్పటి కప్పి వెళ్ళేదానివి. ఆరోది మన పెళ్ళిరోజున. ఇంటికి వచ్చేసరికి పనిచేయాలని సాయంత్రం నాలుగింటికే, పన్నెండో అంతస్తు పైన మోటారు గదిలో వేసుకున్నాను. పక్కనే సీసా. అక్కడే పడిపోయాను. అందరూ తాగి పడ్డాడన్నారు. మాత్ర సంగతి డాక్టర్లకి కూడా చెప్పలేదు. తాగుబోతు అనిపించుకోవడం నాకు సులువుగా అనిపించింది.

నీ ఉత్తరం చేత్తో పట్టుకుని కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళి ఇదంతా చెప్పాను. ఆమె ముందు తిట్టింది, గుండె ఆగిపోయేది తెలుసా అని. తర్వాత రెండో కాగితం మళ్ళీ ఇచ్చింది. ఈసారి రాశాను. ఆమె రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది. వెలుతురులో రెండిటి రాతా కలిసి కనిపించింది. నేను మూడుసార్లు తాగుడు మానేశాను. రెండోసారీ మూడోసారీ మళ్ళీ మొదలెట్టిన తేదీలు చూస్తే, సరిగ్గా దానికి ఒకటి రెండు రోజుల ముందు రెండో కాగితం మీద కుదరలేదు అని ఉంది. మా పనిలో ఇలాంటివి చూస్తాం. లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగిపోతోందని మోటారు రెండుసార్లు మారుస్తారు, లోపం తలుపులో ఉంటుంది. పంతొమ్మిదేళ్ళు వేరేవాళ్ళ లిఫ్టుల్లో ఇది వెతికినవాణ్ణి, నా దాంట్లో చూసుకోలేదు.

మొదటిసారి తేదీకి మాత్రం ఎదురుగా ఏమీ లేదు. ఆరేళ్ళ కింద, నాలుగు నెలలు మానేసి అక్టోబరులో మళ్ళీ మొదలెట్టినప్పుడు. ఆ రోజేమైంది అని ఆమె అడిగింది. గుర్తులేదన్నాను. గుర్తుంది. కానీ అది నా ఒక్కడి సంగతి కాదు, నిన్ను అడక్కుండా చెప్పను.

నువ్వు ఆ వరుసలో ఒక్కదానివే నిలబడ్డావన్న మాట నన్ను నిలువునా కాల్చేసింది. నేనూ ఇక్కడ ఆ పరీక్షలన్నీ చేయించుకుంటున్నాను. నువ్వు నమ్మాలని మాత్రమే కాదు, ఎవరో ఒకరు నీ మాటకి విలువ ఇవ్వాలి కదా. అన్నయ్యగారింటికి వెళ్ళమంటే వెళతాను. ఇంటికి రావాలనుంది. అది కూడా దాచకుండా రాస్తున్నాను.

నేను


ఇల్లు
ఏప్రిల్ 2

ఏమండీ,

మీ ఉత్తరం దుకాణంలో అద్దాలు కోసే యంత్రం పక్కన కూర్చుని చదివాను. ఆ తర్వాత కోసిన అద్దం తప్పు కోణంలో పోయింది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి. యజమాని నా మొహం చూసి ఇంటికి వెళ్ళమన్నాడు.

నమ్మాను. మగాడు తన గురించి ఇంత సిగ్గుచేటు కథ కల్పించుకోడు. నా పరీక్షలన్నిట్లోనూ ఏమీ లేదని వచ్చింది. ఆ కాగితం పట్టుకుని బస్టాపులో ఏడ్చాను. పక్కన కూర్చున్నావిడ నాకేదో పెద్ద జబ్బనుకుని నా వీపు నిమిరింది.

నాకు మీ మీద కోపం తగ్గలేదు. అది చెప్పాలి. కుర్చీలో పడి ఉన్న మీకు దుప్పటి కప్పిన ప్రతిసారీ, ఈయనకి నా దగ్గరికి రావడం కన్నా ఇదే ఇష్టం కాబోలు అనుకున్నాను. పెళ్ళిరోజున నేను నీలం చీర కట్టుకుని కూర్చున్నాను. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మీరు ఒక్క మాట చెప్పి ఉంటే ఎన్నేళ్ళు మిగిలేవి మనకి.

ఇప్పుడు నా వంతు. అక్టోబరు సంగతి మీరు ఆమెకు చెప్పలేదు. నన్ను కాపాడుతున్నారని అర్థమైంది.

మీరు మానేసిన ఆ నాలుగు నెలలూ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదో. అమ్మాయికి లెక్కలు చెప్పేవారు, మీ జీతం ఇంటికొచ్చేది, అందరూ నా అదృష్టం అన్నారు. నేను మాత్రం అద్దంలో చూసుకుని కుమిలిపోయేదాన్ని. మీరు హాల్లో పడుకునేవారు. చెయ్యి తగిలితే వెనక్కి తీసుకునేవారు. మత్తు దిగాక ఈయనకి నేను కనిపించాను, నచ్చలేదు అనుకున్నాను. పాత మనిషి తాగుబోతే కానీ కనీసం నన్ను కావాలనుకునేవాడు. ఒక శనివారం దుకాణం నుంచి వస్తూ ఆ షాపుకి వెళ్ళాను. తల వంచుకుని నిలబడ్డాను. మీరు తాగే రకం పేరు చెప్పి కొన్నాను. ఇంటికొచ్చి బల్ల మీద సీసా పెట్టి, పక్కన గ్లాసు పెట్టి, వంటగదిలోకి వెళ్ళిపోయాను. మీరేమీ అడగలేదు. మూత తీసిన చప్పుడు విన్నాను.

ఆ రోజు మీరు నా దగ్గరికి వచ్చారు. నేను సంతోషించాను. ఈ ముక్క రాయడానికే నాకు ఇన్ని రోజులు పట్టింది. ఆ తర్వాత మీరు ఎవరింట్లో పడిపోయినా, ఉద్యోగం మీదికి తెచ్చుకున్నా, అందరూ నన్ను పాపం అనేవారు. ఆ సీసా నేనే తెచ్చానని ఎవరికీ తెలియదు. మా అమ్మకి కూడా చెప్పలేదు.

ఆ కౌన్సిలరుకు చెప్పండి. తేదీ అక్టోబరు పద్నాలుగు.

నేను


కేంద్రం, ఆరో గది
ఏప్రిల్ 12

అద్దాలమ్మా,

రెండు రోజులు నీ మీద మండిపడ్డాను. నాలుగు నెలలు నేను పళ్ళబిగువున ఆపుకున్నదాన్ని తీసుకొచ్చి బల్ల మీద పెట్టావు కదా అని. కోపం చూపించడానికి మనిషి దొరికాడన్న ఉత్సాహం కూడా ఉంది అందులో. రెండో రోజు గేటు దాకా వెళ్ళాను. గేటుకి తాళం ఉండదు ఇక్కడ, నీకు తెలుసా? ఎవరైనా వెళ్ళిపోవచ్చు. కండక్టరు నా వెనకే వచ్చి, ఈ బస్సు డిపోకి పోతుంది, దిగు అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వాక ఏడుపొచ్చింది. ఇద్దరం అక్కడ గట్టు మీద చాలాసేపు కూర్చున్నాం.

అప్పుడు నేనేమనుకున్నానో చెబుతాను. బల్ల మీద సీసా చూసి, ఈమెకి తెలిసిపోయింది అనుకున్నాను. వీడు మందు పోస్తే తప్ప మగాడు కాడు, సరే పోద్దాం అని తేల్చేశావనుకున్నాను. సిగ్గుతో తాగాను. నువ్వేమో నేను నచ్చక అనుకున్నావు, నేనేమో పనికిరాననుకున్నాను. ఒకే బల్ల దగ్గర కూర్చుని ఇద్దరం ఎదుటివాళ్ళ మనసు మనమే రాసేసుకున్నాం. ఒక్కళ్ళం నోరు విప్పలేదు. ఇందులో నీది ఎంత, నాది ఎంత అని తూచడం మొదలెడితే నా వైపే బరువని నాకు తెలుసు. సీసా తెచ్చింది నువ్వు, మూత తీసింది నేను.

కౌన్సిలరుకు చెప్పాను. ఆమె నిన్ను ఒక్క మాట అనలేదు. ఇలా మందు తెచ్చి పెట్టిన భార్యలు చాలామంది ఈ గదిలో కూర్చున్నారు, ఎవరూ ముందు చెప్పరు అంది. నువ్వు ఒక్కదానివే అనుకుంటున్నావు కదా, అందుకని రాస్తున్నాను.

డాక్టరు కూడా చూశాడు. పరీక్షల్లో అంటుజబ్బులేవీ లేవు. షుగరు మొదలైంది, కొంత దాని వల్ల, కొంత ఇన్నేళ్ళ తాగుడు వల్ల, మిగతాది భయం వల్ల అన్నాడు. మానేసిన వెంటనే బాగవుతుందనుకోవద్దు, నెలలు పడుతుంది, ఈలోగా సొంతంగా మాత్రలు మింగితే కాళ్ళు విరగ్గొడతాను అన్నాడు. అవసరమైతే ఆయనే చూసి ఇస్తాడట. పదహారేళ్ళు దీనికి మందు లేదనుకుని మందు తాగాను. అడగడానికి ఒక మనిషి ఉన్నాడు, ఆయన గదికి తలుపు కూడా ఉంది, కొడితే తెరుస్తాడు.

వచ్చే నెల మొదటి ఆదివారం ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడతానంది కౌన్సిలర్. నీకు ఇష్టమైతేనే. బస్సు నాలుగు గంటలు. రాకపోయినా ఏమీ అనుకోను అని రాయాలి, కానీ అనుకుంటాను.

నీ లిఫ్టాయన


ఇల్లు
మే 8

లిఫ్టాయనకి,

అక్కడి నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మాట్లాడిందంతా మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకుంటూ వచ్చాను. రెండు ఊళ్ళ ముందే దిగబోయాను.

మీరన్నట్టు ఆమె నిజంగా చిన్నపిల్లలాగే ఉంది. వెళ్ళేముందు ఆమె చదువేమిటో, పెళ్ళయిందో లేదో అడగాలనుకున్నాను. ఆమె నన్ను, మీకేం కావాలి అని అడిగేసరికి అవన్నీ మర్చిపోయాను. మీకేం కావాలి అని నన్ను ఇంతవరకు కళ్ళజోడు కొనేవాళ్ళు కూడా అడగలేదు, అడిగేది నేనే. నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది. మీరు తాగి వచ్చిన రోజుల్లో నాకు ఆ వాసన పడేది కాదని, ఊపిరి బిగపట్టేదాన్నని, ఎప్పుడైపోతుందా అనుకుంటూనే మీరు దూరంగా ఉంటే కావాలనుకునేదాన్నని. మీరు నేలచూపులు చూస్తున్నారు. మీ చెవులు ఎర్రబడ్డాయి. అయినా లేచి వెళ్ళిపోలేదు. నా జీవితంలో మీరు నా మాట చివరిదాకా విన్న మొదటి గంట అది.

ఇక ఆమె ఇచ్చిన హోమ్‌వర్కు. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, పదో తరగతి చదివే కూతుర్ని పెట్టుకుని, ఇంటికి వెళ్ళాక ఆరు వారాలపాటు ఆ పని మాత్రం చేయకండి అని చెప్పించుకున్నాను. చేతులు పట్టుకోవచ్చట, వీపు రాసుకోవచ్చట, పక్కన పడుకుని కబుర్లు చెప్పుకోవచ్చట. అంతకు మించి నిషిద్ధం. మీరు ఎంత ఊపిరి వదిలారో నేను చూశాను. పరీక్ష రద్దయిందని తెలిసిన పిల్లాడి మొహం మీది. నాకూ తేలికగానే అనిపించింది, నవ్వానని ఏమీ అనుకోకండి. నోటితో చెప్పలేనివి ఇంట్లో ఉన్నా సరే ఉత్తరం రాసుకోండి అంది. అది మాత్రం మనకి అలవాటైంది.

ఇప్పుడు నా నిర్ణయం. మీ అన్నయ్యగారికి ఫోన్ చేసి ఇక్కడికే వస్తారని చెప్పాను. ఇంటికి రండి. మీ కంపెనీ వాళ్ళు సర్టిఫికెట్ తెస్తే పనిలోకి తీసుకుంటామన్నారు, కానీ ఆరు నెలలు ఒంటరిగా పైకి పంపరట, ఇద్దరేసి వెళ్ళాలి. మంచిదే.

కానీ ఒక మాట దాచకుండా చెబుతాను. నా భయం మీరు ఊరికే తాగుతారని కాదు, మానేశాక మామూలు రోజుల్లో మీరు తాగరు. ఆరు వారాలయ్యాక ఏదో ఒక రోజు మనం దగ్గరవుతాం. ఆ రోజు కుదరకపోవచ్చు, డాక్టరే అన్నాడు కదా. ఆ మర్నాడు మీరేం చేస్తారు? ఇన్నేళ్ళలో ఆ మర్నాడు మీరు ఎటు వెళ్ళారో ఆ కాగితాల మీదే ఉంది. మళ్ళీ అటే వెళితే నేను తిట్టను, ఏడవను, మీ బట్టలు సర్ది అన్నయ్యగారింటికి పంపుతాను. అమ్మాయికి మళ్ళీ ఆశ పెట్టి లాక్కోలేను. బెదిరింపనుకోకండి. నా బలం అంతవరకే ఉంది.

మిమ్మల్ని తీసుకురావడానికి అమ్మాయి కూడా వస్తానంటోంది.

మీ అద్దాలమ్మ


ఇల్లు, వంటగది బల్ల దగ్గర
జూలై 16, ఉదయం పదకొండున్నర

అద్దాలమ్మా,

నువ్వు దుకాణానికి వెళ్ళిపోయావు. నేను వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. ఇవాళ నాకు సెలవు, నీకు తెలుసు. ఫోన్ చేయవచ్చు, కానీ ఇది ఫోన్లో చెప్పేది కాదు.

నిన్న మనకి కుదరలేదు. ఆ మాట ముందు రాసేస్తే మిగతాది రాయగలను. తొమ్మిది వారాలైంది, చేతులు పట్టుకున్నాం, వీపులు రాసుకున్నాం, నువ్వు నీ దుకాణం కబుర్లు చెబుతుంటే నిద్రపోయాను. ఈమధ్య నాకే నమ్మకం వచ్చింది. అంత నమ్మకం వచ్చాక కుదరకపోయేసరికి పాత భయమంతా ఒక్కసారి మీద పడింది. నువ్వు ఏమీ కాలేదులెండి అన్నావు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చావు. అటు తిరిగి పడుకోలేదు, నా చెయ్యి పట్టుకునే ఉన్నావు. నేను మాత్రం కళ్ళు మూసుకుని నిద్ర నటించాను. ఆ అలవాటు ఇంకా పోలేదు, క్షమించు.

తెల్లారగానే చెప్పులేసుకుని బయటపడ్డాను. నువ్వు మెలకువగానే ఉన్నావని తెలుసు. పిలుస్తావేమోనని మెట్ల మీద ఒక నిమిషం ఆగాను. పిలవలేదు. పిలవకపోవడమే మంచిదైంది.

ఎటు వెళ్ళానో రాస్తాను. అటే వెళ్ళాను. షాపు పదింటికి తెరుస్తారు, నేను ఏడింటికే ఎదురుగా ఉన్న గట్టు మీద కూర్చున్నాను. మూడు గంటలు. జేబులో డబ్బులున్నాయి. మధ్యలో కండక్టరుకు ఫోన్ చేస్తే, ఎక్కడున్నావు అన్నాడు. చెప్పాను. నేను మాట్లాడుతూనే ఉంటాను, నువ్వు లైన్లో ఉండు అని తన మోకాళ్ళ నొప్పుల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. పదింటికి షట్టరు పైకి లేపారు. నేను లేచి నిలబడ్డాను. కాళ్ళు వాటంతటవే అటు నడుస్తాయనుకున్నాను, అంతకుముందు రెండుసార్లూ అలాగే నడిచాయి.

నిలబడి ఏమాలోచించానో చెబుతాను. ఇది దాచుకునే పని, ఎవరి దగ్గర దాచుకోను? నీకు తెలుసు. కౌన్సిలరుకు తెలుసు, డాక్టరుకు తెలుసు, కండక్టరుకు తెలుసు. ఇన్నేళ్ళూ ఆ సీసా మీదికి వెళ్ళింది నీకు తెలియకూడదనే కదా. తెలిసి కూడా నువ్వు మంచినీళ్ళు తెచ్చావు. నాకు అక్కడ నిలబడి చెయ్యాల్సిన పని ఏదీ కనిపించలేదు. కండక్టరు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఇంటికి వెళుతున్నానని చెప్పి నడిచొచ్చాను. దారిలో వచ్చే నెల డాక్టరు దగ్గర వేళ అడిగి రాసుకున్నాను.

తాగలేదు. ఈ ఉత్తరం అందుకే. సంతోషంగా లేను, ఒళ్ళంతా బరువుగా ఉంది, సిగ్గుగా ఉంది. కానీ తాగలేదు. భోజనానికి వస్తావు కదా, బల్ల మీద పెడుతున్నాను. నేను కాసేపు పడుకుంటాను.

నీ లిఫ్టాయన


దుకాణం, వెనక గది
అదే రోజు, మూడు గంటలకి

ఏమండీ,

మీరు తలుపు వేసుకుని వెళ్ళిన చప్పుడు విన్నాను. మెట్ల మీద ఆగారని కూడా తెలుసు. పిలిస్తే, నేను పిలిచాను కాబట్టి ఆగారని జీవితాంతం అనుకుంటాననిపించింది. దుప్పటి నోట్లో కుక్కుకుని ఊరుకున్నాను. దుకాణానికి వచ్చాక మీ అన్నయ్యగారి నంబరు తీసి ఎదురుగా పెట్టుకున్నాను. మీ బట్టల్లో ఏవేవి సర్దాలో మనసులో లెక్క వేసుకున్నాను. నీలం చొక్కా దగ్గర ఆగిపోయాను.

భోజనానికి వచ్చేసరికి మీరు మంచం మీద అడ్డంగా నిద్రపోతున్నారు. ఉత్తరం నేను ముందు చూడలేదు. మీరు కదలకుండా పడి ఉండటం చూసి నా ప్రాణం పోయింది. దగ్గరికి వచ్చి, వంగి, మీ నోటి దగ్గర వాసన చూశాను. తప్పే. ఇంకొన్నాళ్ళు ఈ తప్పు చేస్తాను, మీరు ఓర్చుకోవాలి. ఎండలో నడిచొచ్చిన చెమట వాసన తప్ప ఏమీ లేదు. మళ్ళీ చూశాను. లేదు. అప్పుడు బల్ల దగ్గరికి వెళ్ళి ఉత్తరం చదివాను.

అన్నం తినలేదు. చెప్పులు విప్పి మీ పక్కన పడుకున్నాను. మిట్టమధ్యాహ్నం, పనివేళ, తలుపు గడియ పెట్టి. మీరు నిద్రలోనే జరిగి నాకు చోటిచ్చారు. ఊపిరి బిగపట్టకుండా మీ పక్కన పడుకోవడం ఎలా ఉంటుందో ఈ రెండు నెలల్లో నాకు అలవాటైందని అక్కడ పడుకున్నాకే తెలిసింది. నిన్న కుదరలేదన్న సంగతి నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

గంటసేపు పడుకున్నాను. మీకు మెలకువ రాలేదు, అందుకే ఇది రాసి సాయంత్రం మీ చేతికి ఇస్తున్నాను. దుకాణానికి ఆలస్యంగా వచ్చానని యజమాని ఎందుకని అడిగాడు. మా ఆయన ఇంట్లో ఉన్నాడని చెప్పాను.

మీ అద్దాలమ్మ